ఒక వ్యాసానికి తొమ్మిది కార్డులు

భ్రమరాంబకు నాలుగోసారి కూడా సున్నాయే వచ్చింది.

చీరాల కాలేజీ లైబ్రరీలోకి కంప్యూటరు వచ్చిన కొత్త రోజులవి. దేశదేశాల పత్రికల్లో అచ్చయిన వ్యాసాలన్నీ అందులో దొరుకుతాయని చెప్పారు. ఆమె మాత్రం తన పరిశోధన పేరు మొత్తం, ఒక్క ముక్క వదలకుండా, ఇంగ్లీషులో టైపు చేసింది: చీరాల గుంటమగ్గం నేతగాళ్ళ మోకాళ్ళ నొప్పులు. ఏమీ లేవంది కంప్యూటరు.

వాళ్ళ నాన్న మార్కండేయులు ముప్పై ఏళ్ళు గుంటలో కాళ్ళు పెట్టి నేసినవాడు. ఇప్పుడు గోడ పట్టుకోనిదే లేవలేడు. అందుకే ఆమెకు ఈ విషయం తప్ప ఇంకోటి వద్దు. మర్నాడు పరిశోధన కమిటీ ముందు నిలబడాలి. ఇంతకుముందు ఎవరేం రాశారో చెప్పలేకపోతే వేరే విషయం చూసుకోమంటారని గైడు ముందే హెచ్చరించాడు.

కాసేపు దిగులుపడింది. తర్వాత ఆ దిగులే గర్వంగా మారింది. ఎవరూ రాయలేదంటే తనే మొదటిది కదా! కాగితం తీసుకుని, "ఈ విషయంపై ఇంతవరకు ఎవరూ రాయలేదు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడానికి మనిషికి పెద్ద చదువేం అక్కర్లేదు, కానీ చదువుంటే ఆ మాట కాస్త అందంగా అనొచ్చు.

కాగితం పట్టుకెళ్ళి లైబ్రేరియన్ ఖాదర్ వలీ గారికి చూపించింది. అందరికీ ఆయన వలీ మాస్టారు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతారు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ లైబ్రరీకి వచ్చిన ప్రతి పత్రికనీ విప్పి, ఒక్కో వ్యాసం చదివి, వెతికేవాళ్ళకు దొరికేలా దానికి కార్డులు రాసి సొరుగుల్లో పెట్టింది ఆయనే. ఆ టేకు సొరుగు లాగితే పాత కాగితం, సిరా, కర్పూరం బిళ్ళలు కలిసిన వాసనొకటి వచ్చేది. ఇప్పుడు ఆ సొరుగులు ఏ గోడౌనులో ఉన్నాయో తెలీదు. తలుచుకుంటే ఆ వాసన మాత్రం ఈనాటికీ వస్తుంది.

మాస్టారు కాగితం చదివి పక్కన పెట్టారు. లేచి వెళ్ళి, బైండు చేసిన పాత సంపుటమొకటి తెచ్చి మధ్యలో ఒక వ్యాసం దగ్గర తెరిచారు. చినగంజాం ఉప్పుమడుల్లో పనిచేసే ఆడవాళ్ళ పాదాల పుండ్ల గురించి ఎవరో రాసింది. పక్కన ఖాళీ కార్డుల కట్ట పెట్టారు.

"దీనికి కార్డులు రాసిపెట్టమ్మా."

"ఇప్పుడు కార్డులెవరు చూస్తారు మాస్టారూ? రేపే నా కమిటీ..."

"రేపు కదా. ఇవాళ రాయి."

భ్రమరాంబ రెండు రాసింది. ఒకటి రాసినాయన పేరుతో, ఇంకోటి వ్యాసం పేరుతో. లోపల చిరాగ్గానే ఉంది, కానీ ఆయన మాట కాదనే అలవాటు లేదు.

మాస్టారు చూశారు. "ఆ రెండూ తెలియనివాడొస్తే?"

ఉప్పు అని మూడోది రాసింది.

"ఉప్పుతో పనిలేని చర్మం డాక్టరొస్తే?"

పాదాలు, పుండ్లు అని ఇంకో రెండు రాసింది. మాస్టారు టీకి వెళ్ళిపోయారు. ఇక అడిగేవాళ్ళెవరూ లేరు. అయినా చెయ్యి ఆగలేదు. ఆడకూలీల మీద చదివేవాళ్ళొస్తే? ఎండలో చేసే పనుల గురించి అడిగితే? చినగంజాం ఊరి గురించి? రోజంతా నీళ్ళల్లో నిలబడేవాళ్ళ గురించి?

తొమ్మిదో కార్డు మీద కలం ఆగిపోయింది.

మోకాళ్ళు చూసే డాక్టరుకి మగ్గంతో పనేముంది? చీరాలతో పనేముంది? ఆయన మోకాలు గురించే రాసి ఉంటాడు.

లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్ళింది. ఈసారి ఊరిని వదిలేసింది. మోకాలు అంది. గంటల తరబడి ఒకే తీరున కూర్చుని చేసే పని అంది. తివాచీలు నేసేవాళ్ళు అంది. ఒక్కొక్కటే రావడం మొదలైంది. సాయంత్రం బెల్లు కొట్టేసరికి పనికొచ్చేవి పదకొండు తేలాయి. వాటిలో ఒకటి గుంటూరు ఎముకల డాక్టరొకాయన రాసింది. వ్యాసం పేరులో ఎక్కడా మగ్గం లేదు. లోపల చూస్తే ఆయన పరీక్షించిన వాళ్ళలో సగంమంది చీరాల నేతగాళ్ళే. ఇరవై రెండేళ్ళ కిందటిది. అప్పటికి భ్రమరాంబకు ఏడాది నిండలేదు. నాన్న నొప్పి తనకొక్కదానికే తెలుసనుకున్న పిల్లకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సిగ్గు కూడా వేసింది.

పొద్దున రాసిన వాక్యం కొట్టేసి, పదకొండు పేర్లూ కింద వరసగా రాసి మాస్టారి ముందు పెట్టింది. రేపు కమిటీ అడిగితే చెప్పడానికి ఉంది. అయినా ఉండబట్టలేక అడిగింది.

"ఇంతమంది రాశాక ఇంక నేను రాసేదేముంది మాస్టారూ?"

వలీ మాస్టారు పేర్లన్నీ మెల్లగా, ఒక్కటీ వదలకుండా చదివారు. కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టారు.

"పొద్దున ఒక్కదానివే వచ్చావమ్మా. ఇప్పుడు పదకొండుమందిని వెంటబెట్టుకుని వెళ్తున్నావు. రేపు మాట్లాడేటప్పుడు భయపడకు."