పడవ అనగా నేమి

పేరిశాస్త్రిగారిని ప్రశ్న అడిగితే జవాబు వచ్చేది కాదు, పాత సంగతి ఒకటి వచ్చేది. దానికీ మన ప్రశ్నకీ ఏమిటి సంబంధమో తేల్చుకోవడం మన పని. ఆయన శాసనసభ అనువాద విభాగంలో ముప్ఫై నాలుగేళ్లు బిల్లుల్ని తెలుగు చేశారు. రిటైరైన తరవాత వాళ్లింటి వసారాలో ఒక బడి లాంటిది నడిచేది. కొత్తగా గెలిచిన సభ్యులు వచ్చి, సవరణ ఎలా పెట్టాలో, పద్దు ఎలా చదవాలో చెప్పించుకుని వెళ్లేవారు. నేను ఆయన కింద పనిచేసినవాణ్ణి గనక పిలవకపోయినా వెళ్లి కూచునేవాణ్ణి. నాలుగు పేము కుర్చీలు, చిట్లిన నిఘంటువులు, నశ్యం వాసన.  అలాంటి బడి నేను మళ్లీ చూడలేదు.

ఒక వేసవి మధ్యాహ్నం సత్యవేణిగారు వచ్చారు. రెండోసారి గెలిచిన ఎమ్మెల్యే, అంతకు ముందు లాయరు, శాస్త్రిగారి దగ్గర మొదటి విడతలో చదువుకున్న శిష్యురాలు. అప్పట్లో ఆవిడ ఒక కమిటీకి అధ్యక్షురాలు. ప్రభుత్వం కోట్లు పోసి కట్టించి, ఆనక వాడకుండా వదిలేసిన భవనాల్ని అంగన్‌వాడీలకీ బళ్లకీ ఇచ్చెయ్యాలని ఒక బిల్లు వచ్చింది. దాన్ని పరిశీలించడం ఆ కమిటీ పని. పరిశీలన ఏడాదిన్నరగా జరుగుతోంది. బండి ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. బిల్లులో 'నిరుపయోగంగా ఉన్న భవనం' అని ఉంది. ఎన్ని నెలలు తాళం వేసి ఉంటే నిరుపయోగం? వాచ్‌మన్ ఒక గదిలో కాపురం పెట్టుకుంటే అది ఉపయోగమా, కాదా? ఈ సంగతి తేల్చుకోవడానికి సభ్యులందరూ మూడు రాష్ట్రాలు తిరిగి చూసి రావాలని తీర్మానించారు. విమానాలు, హోటళ్లు, వెంట సిబ్బంది. అందుకోసం ఇంకో ఆరు నెలలు గడువు కోరే కాగితం మీద ఆవిడ మర్నాడు ఉదయానికల్లా సంతకం పెట్టాలి.

ఆవిడ మనసు ఊరుకోలేదనడానికి ఆ ఎండలో రావడమే సాక్ష్యం. తన నియోజకవర్గంలోనే ఒక అతిథిగృహం రిబ్బను కత్తిరించిన రోజు నుంచీ తాళంతో ఉందనీ, దాని ఎదురుగా రేకుల షెడ్డులో పాతికమంది పిల్లలు మధ్యాహ్నమయ్యేసరికి వేడికి సోలిపోతున్నారనీ ఆవిడే చెప్పారు. చెప్పి, అసలు విషయం అడిగారు.

"చిల్లున్న చట్టం చేస్తే రేపు కోర్టులో నిలబడదు. కాస్త ఆలస్యమైనా గట్టిదే చెయ్యాలి కదా మాష్టారూ?"

శాస్త్రిగారు నశ్యం పీల్చి, తీరిగ్గా ముక్కు తుడుచుకున్నారు. పడవ అంటే ఏమిటో తెలుసా అమ్మా అని అడిగారు. ఆవిడ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ తరవాత ఆయన చెప్పిందే నేనిక్కడ రాస్తున్నాను.

అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్లు. ఉద్యోగంలో కొత్త, భాష మీద పిచ్చి. ఆఫీసంతా సిరా వాసన, నెత్తిన కిర్రుమనే ఫ్యాన్లు. ఒక్క మాటకి సరైన తెలుగు దొరికిన రోజున నలుగురూ కాఫీ తెప్పించుకుని పండగ చేసుకునేవారట. ఆ రోజుల్లో రేవుల బిల్లు ఒకటి వచ్చింది. గోదావరి లంకల్లో పడవెక్కాలన్నా దిగాలన్నా మోకాలి లోతు ఒండ్రులో నడవాలి. ప్రతి రేవులోనూ ఒడ్డు నుంచి నీటి దాకా ప్రభుత్వమే బల్లలు పరిపించి, వాటి బాగోగులు చూడాలన్నది బిల్లు సారాంశం. చిన్న బిల్లు, మూడే పేజీలు. ఇంగ్లీషులో ఉన్న ఒక మాటకి శాస్త్రిగారు 'పడవ' అని రాశారు. రాశాక అనుమానం వచ్చింది. పడవ అంటే అందులో నావ వస్తుందా? దోనె వస్తుందా? తెప్ప మాటేమిటి, పుట్టి మాటేమిటి? తెప్పలు ఆగే రేవుకి బల్లలు వేస్తారా, వెయ్యరా? 'పడవ అనగా నేమి' అని శీర్షిక పెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీల నోటు రాసి పైకి పంపారు.

నోటు మెట్టు మెట్టూ ఎక్కి, ఆ బిల్లుని పరిశీలించే కమిటీ ముందుకొచ్చింది. కమిటీకి వెతకబోయిన తీగ కాలికి తగిలింది. సందేహం చాలా గొప్పదనీ, స్వయంగా వెళ్లి చూస్తేగాని తేలదనీ అందరూ ఒప్పుకున్నారు. వరద తీసిన ఆశ్వయుజంలో బయల్దేరారు. సభ్యులు తొమ్మిదిమంది, వెంట నలభైమంది, రెండు లాంచీలు, షామియానా, పులిహోర, బూరెలు, మనిషికి రెండేసి కొబ్బరిబొండాలు. సభ్యుల పంచెలకి ఒండ్రు అంటకూడదని రెండు రోజుల ముందే మనుషుల్ని పెట్టి, సరుగుడు గుంజలు పాతి, వాటి మీద బల్లలు కొట్టించి, ఒడ్డు నుంచి నీటి దాకా చక్కని దారి వేయించారు. నూట ఇరవై అడుగుల దారి. బిల్లు అడిగిందీ అదే. ఆ ముక్క ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు, శాస్త్రిగారితో సహా.

తట్టినవాడు ఒకడే, ఆ రేవు నడిపే భూలోకం. యాభై ఏళ్లుంటాయి. ఒండ్రులో నడవలేని ముసలివాళ్లనీ, నెలలు నిండిన ఆడవాళ్లనీ, జ్వరం మనుషుల్నీ వీపున వేసుకుని పడవ దాకా మోసేది అతనే. మోసి మోసి నడుం ఒక పక్కకి ఒరిగిపోయింది. భోజనాలయ్యాక అతను అధ్యక్షుడి ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ బల్లలు ఇలాగే వదిలేసి ఎల్లండి బాబయ్యా. ఇంకేం అక్కర్లేదండి మాకు" అన్నాడు.

అధ్యక్షుడు మంచివాడే. ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరూ మంచివాడే. పర్యటన ఖర్చు కింద బల్లలు వెయ్యడానికి డబ్బుందనీ, తియ్యడానికీ డబ్బుందనీ, ఉంచడానికి మాత్రం అధికారం లేదనీ, ఉంచాలంటే ఆ బిల్లేదో ప్యాసవాలనీ వినయంగా మనవి చేసుకున్నాడు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టయింది. అధ్యక్షుడు భూలోకం భుజం తట్టి, ఇంత దూరం మీ కోసమే కదా వచ్చాం అని ఓదార్చి లాంచీ ఎక్కాడు.

శాస్త్రిగారు వాళ్లతో వెళ్లలేదు. భూలోకం పడవలోనే లంకలోకి వెళ్లి, సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగి పడవల పేర్లు రాసుకున్నారు. వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లు ఈయన ప్రశ్నలకి పకపకా నవ్వుతూనే ఒక్కో పేరూ చెప్పారట. పదకొండు పేర్లు దొరికాయి. అంత ఆనందం నేను మళ్లీ ఎరగను అన్నారు శాస్త్రిగారు. ఆ మాటన్నప్పుడు ఆయన ముఖం నిజంగానే ఇరవై ఆరేళ్ల ముఖమైంది. నేను చూశాను.

తిరిగి రేవుకి వచ్చేసరికి బల్లలు లేవు. అప్పుడే ఊడదీసి బళ్ల మీద వేసుకుపోయారు. ఒండ్రులో గుంజలు పాతిన గుంటలు మాత్రం వరసగా మిగిలి ఉన్నాయి. భూలోకం పడవలోంచి దిగి, వెనక్కి తిరిగి, వీపు వంచాడు. నడుస్తానన్నారు శాస్త్రిగారు. అడుగు జారితే రాసుకున్న పుస్తకం తడిసిపోద్దండి అన్నాడు భూలోకం. పుస్తకం మాట వినేసరికి ఆయన ఎక్కేశారు.

సగం దూరం వచ్చాక భూలోకం ఊపిరి తీసుకోడానికి ఆగి, ఇంతకీ ఆ బిల్లు దేనికి ఆగిందండి అని అడిగాడు. పడవ అంటే ఏమిటో తేలక ఆగిందని శాస్త్రిగారు చెప్పారు. తేలనిది ఎవరికో చెప్పలేదు.

"దానికి ఇంతమంది రావాలాండి? ఓ కార్డుముక్క రాస్తే చెప్పేవోళ్లం కదండి. మనిషెక్కితే మునగనిదల్లా పడవేనండి" అన్నాడు భూలోకం. అని, అడుగు తీసి వేసి మోకాలి దాకా దిగబడ్డాడు.

పదకొండు పేర్లూ కమిటీ నివేదిక వెనక అనుబంధంగా అచ్చయ్యాయి. తెలుగుకి ఇంత సేవ ఏ కమిటీ కూడా చెయ్యలేదని సభలో బల్లలు చరిచారు. శాస్త్రిగారికి ప్రశంసాపత్రం వచ్చింది. బిల్లుని చర్చకి తీసుకునేలోగా సభ రద్దయింది. బిల్లు మురిగిపోయింది.

అంతటితో ఆ సంగతి ముగించారు శాస్త్రిగారు. నాకు ఆ నివేదిక తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అనువాదమంటే ఇలా ఉండాలని ఆ అనుబంధాన్నే నా చేతికిచ్చారు. నేను దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశాను. ఇచ్చినవారు శాస్త్రిగారు కాదు. ఆయన ఆ నివేదిక ఊసు ఎప్పుడూ ఎందుకు ఎత్తేవారు కాదో ఆ మధ్యాహ్నం దాకా నాకు తెలియలేదు.

భూలోకం ఏమయ్యాడని సత్యవేణిగారు అడిగారు. మరుసటి వరదకే నడుం పడిపోయిందనీ, రేవుకి ఇంకో వీపు వచ్చిందనీ శాస్త్రిగారు చెప్పారు. ఆవిడ సంచిలోంచి ఆ గడువు కాగితం తీసి ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు దాని వంకే చూశారు. మరి నేనిప్పుడేం చెయ్యమంటారు మాష్టారూ అని మెల్లిగా అడిగారు.

శాస్త్రిగారు కళ్లజోడు తీసేశారు.

"అతని వీపు మీద నేనున్నది నూట ఇరవై అడుగులేనమ్మా. ఇంకా దిగలేదు."