వద్దంటే మొహమాటం అనుకున్న ఎలుగుబంటి

అనగనగా ఒక అడవిలో... ఒరేయ్, ముందు సర్దుకుని కూర్చోండి. తోసుకునేవాళ్ళకి కథ లేదు. ఆ, ఇప్పుడు బాగుంది.

అనగనగా ఒక అడవిలో ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. ఆ చెట్టు తొర్రలో కొమ్ముముక్కు పిట్టల కాపురం. ఆ పిట్టకి ఇంత పొడుగు వంకర ముక్కు, ఆ ముక్కుమీద బుల్లి కొమ్ము. చూస్తే నవ్వొస్తుంది గానీ మహా బుద్ధిమంతులర్రా! మగపిట్ట పేరు సింహాద్రి. ఆడపిట్ట పేరు నూకాలమ్మ.

ఈ పిట్టలకి ఒక వింత ఆచారం ఉంది. గుడ్లు పెట్టే రోజులు రాగానే ఆడపిట్ట తొర్రలో కూర్చుంటుంది. గుమ్మానికి బురదతో గోడ కట్టేసుకుంటుంది. మొత్తం మూసేస్తే తిండెలా మరి? అందుకని ముక్కు కొస పట్టేంత సన్నని చీలిక ఒకటి ఉంచుకుంటుంది. లోపల కూర్చున్నాక దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. అయినా భయం లేదు, గోడ ఉందిగా! పాము రాదు, ఉడుము రాదు. మగపిట్ట పొద్దున్నా సాయంత్రం మేడిపళ్ళు తెచ్చి, ఒక్కొక్కటే చీలికలోంచి అందిస్తుంది. పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఇదే వరస.

ఆ ఏడు నూకాలమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒంటిమీద ఒక్క ఈక లేదు, నోళ్ళు మాత్రం ఇంతింత. ఎంత పెట్టినా "ఇంకా, ఇంకా" అనేవారు. సింహాద్రి చెట్టుకీ చెట్టుకీ తిరుగుతూ హాయిగా పెంచుకుంటున్నాడు.

ఒకరోజు పెద్ద గాలి వీచింది. ఫెళ్ళున కొమ్మ విరిగి సింహాద్రి రెక్కమీద పడింది. పాపం, ఎగరబోతే పైకి లేవలేడు. మద్దిచెట్టు మొదట్లో కూలబడి పైకి చూశాడు. తొర్రలో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. తెచ్చిపెట్టేవాడు నేలమీద, తినేవాళ్ళు గోడ వెనకాల. ఇలాగే ఉంటే ఆ ముగ్గురి ప్రాణాలూ దక్కవు.

అయితే ఆ అడవిలో ఒక మంచి అలవాటు ఉంది. ఎవరింటికి కష్టమొచ్చినా అందరూ తలో చెయ్యి వేస్తారు. వాళ్ళందరికీ పెద్ద గంగులు అనే ఎలుగుబంటి. మంచివాడు, పెట్టే చెయ్యి. వాళ్ళింటికి ఎవరు వెళ్ళినా కడుపు పగిలేలా పెట్టేవాడు. "వద్దు మావయ్యా, చాలు" అంటే, "ఊరుకో, మొహమాటపడకు!" అని ఇంకో దోసెడు వేసేవాడు. ఇలాంటివాళ్ళు మనింట్లోనూ ఒకరున్నారు. పేరు చెప్పను, మీ అమ్మమ్మ వంటింట్లోంచి వింటోంది.

సింహాద్రి సంగతి తెలియగానే గంగులు పరుగున వచ్చాడు. వెనకాలే పోలయ్య అనే అడవిపంది, బంగారయ్య అనే కోతి వచ్చారు. ముగ్గురూ తలా ఒకటి తెచ్చారు.

గంగులు తేనెపట్టు తెచ్చాడు. చెట్టెక్కి చీలికలోకి తోశాడు. పట్టు లోపలికి పోలేదు. గోడంతా తేనె కారి చీమలు పట్టాయి.

పోలయ్య పెద్ద పెద్ద దుంపలు తవ్వి తెచ్చాడు. అవీ పట్టలేదు.

బంగారయ్య తన బరువుకి మించిన పనసపండు దొర్లించుకుంటూ వచ్చాడు. "చూశారా, నాదే పెద్దది!" అన్నాడు. ఇంక దాని సంగతి చెప్పాలా?

"సరే, ఇక్కడ పెట్టేసి వెళ్దాం. వీలు చూసుకుని తింటారు" అన్నాడు గంగులు. అన్నీ చెట్టు కింద కుప్ప పోశారు. "ఇంకేమైనా కావాలా సింహాద్రీ?" అని అడిగాడు.

కావాలి. గుప్పెడు మేడిపళ్ళు కావాలి. కానీ ఇంత మోసుకొచ్చినవాళ్ళతో "ఇవి పనికిరావు" అని ఎలా అంటాడు? సింహాద్రి మొహమాటంగా నవ్వాడు. "అయ్యో, ఇదే చాలా ఎక్కువ మావయ్యా" అన్నాడు.

ముగ్గురూ సంతోషంగా ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆ రోజు తొర్రలో ముగ్గురూ పస్తు పడుకున్నారు. చూశారా మొహమాటం ఎంత పని చేస్తుందో! అడగనిదే అమ్మయినా పెట్టదంటారు ఇందుకే.

తెల్లారేసరికి పిల్లల ఏడుపు సన్నబడింది. సింహాద్రి ఇక సిగ్గు పక్కన పెట్టి గంగుల్ని పిలిచాడు. "మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. పిల్లలు నిన్నట్నించీ ఏమీ తినలేదు" అన్నాడు.

గంగులు మిగతా ఇద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చి చూశాడు. కుప్ప కుప్పగానే ఉంది. పనసపండుమీద ఈగలు ముసురుతున్నాయి.

"పెట్టింది తినకపోతే మనమేం చేస్తాం?" అని బంగారయ్య మూతి ముడిచాడు.

"తినకపోవడం కాదురా, ఈ గోడ అడ్డమొచ్చింది" అన్నాడు గంగులు. "దీన్ని కొట్టేస్తే సరి! గుమ్మం నిండా పెట్టొచ్చు."

అని గబగబా చెట్టెక్కి చెయ్యి ఎత్తాడు. లోపల్నించి నూకాలమ్మ కేక పెట్టింది.

"వద్దు మావయ్యా, వద్దు! గోడ తియ్యొద్దు!"

"భలేదానివే, నా దగ్గర మొహమాటమేంటమ్మా?" అని గంగులు నవ్వాడు. ఒక్క దెబ్బ వేశాడు. గోడ పెళపెళా ఊడి కిందపడింది.

అప్పుడు చూశాడు గంగులు. నూకాలమ్మకి రెక్కల ఈకలు లేవు. పిల్లలు ఎర్రగా, వట్టి ఒంటితో, గాలి తగిలి వణుకుతున్నారు. వాళ్ళకి దాక్కునే చోటు లేదు, పారిపోయే రెక్క లేదు.

ఇంతలో కింద నుంచి సింహాద్రి అరిచాడు. "ఉడుము! మావయ్యా, ఉడుము!"

చెట్టు వెనకవైపు నుంచి పెద్ద ఉడుము జరజరా పాకుతూ వస్తోంది. దాని నాలుక తొర్ర అంచుని తాకింది. నూకాలమ్మ పిల్లల్ని ఒంటి కింద దాచుకుని ముక్కుతో పొడిచింది. గంగులు గాండ్రించి ఉడుము తోక పట్టుకుని లాగి, ఒక్క విసురు విసిరాడు. అది పొదల్లో పడి పారిపోయింది. అంతటి ఎలుగుబంటికీ భయమేసిందర్రా.

నూకాలమ్మకి దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి. "వద్దంటే వద్దనే కదా మావయ్యా! నా మాట వినిపించలేదా?"

"వినిపించిందమ్మా" అన్నాడు గంగులు తలొంచుకుని. "మొహమాటానికి అంటున్నావనుకున్నాను. నాదే తప్పు. ఏం చెయ్యమంటావో ఇప్పుడు నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే చేస్తాను."

నూకాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "ముందు మెత్తటి బురద కావాలి, గోడ కట్టుకుంటాను. తర్వాత మేడిపళ్ళు, చిన్నవి. ఒక్కొక్కటే చీలికలోంచి అందించాలి."

"ఓస్, అంతేనా?" అన్నాడు బంగారయ్య.

"అంతే నాయనా. కానీ రోజూ. పొద్దున్నా, సాయంత్రం. పిల్లలకి రెక్కలొచ్చేదాకా."

రోజూ అనేసరికి బంగారయ్య తల గోక్కున్నాడు.

పోలయ్య వాగులోకి దిగి బురద తొక్కాడు. తొక్కడం అతనికి పండగ, ఎలాగూ రోజూ దొర్లేది అందులోనే. బంగారయ్య ఆకుల్లో బురద పెట్టి పైకి అందించాడు. నూకాలమ్మ లోపల్నించి ముక్కుతో మెత్తి చీలిక ఉంచుకుంది. బంగారయ్య అందులోంచి మేడిపళ్ళు అందించాక పిల్లల ఏడుపు ఆగింది. గోడ ఆరేదాకా గంగులు తొర్రకి అడ్డంగా కొమ్మమీద కూర్చున్నాడు. చీమలు కుట్టినా కదల్లేదు. తేనె పోసింది ఆయనేగా మరి!

ఆ మర్నాటి నుంచి వంతులు వేసుకున్నారు. పోలయ్య చెట్టెక్కలేడు గనక రాలిన పళ్ళలో మంచివి ఏరిపెట్టేవాడు. గంగులు ఒకరోజు, బంగారయ్య ఒకరోజు ఎక్కి తినిపించాలి. ఏ చెట్టు పండిందో, ఎవరి వంతు ఎప్పుడో సింహాద్రి కింద కూర్చుని చెప్పేవాడు. ఎగరలేకపోయినా ఇంటి యజమాని ఆయనే కదా.

గంగులుకి ఆ పని ఎంత కష్టమనుకున్నారు! అంత పెద్ద చెయ్యి, ఇంత చిన్న పండు. మొదట్లో పట్టుకోగానే పచ్చడయ్యేది. మూడు నలిగితే ఒకటి లోపలికి వెళ్ళేది. అయినా విసుక్కోలేదు. పెదాలతో మెల్లిగా పట్టుకుని అందించడం నేర్చుకున్నాడు. చీలికలోంచి చిన్న ముక్కు వచ్చి పండు లాక్కునేది. "అబ్బ, ఎంత ఆకలే తల్లీ నీకు!" అని మురిసిపోయేవాడు.

బంగారయ్య మాత్రం ఆరంభశూరుడు. మొదట్లో పాటలు పాడుతూ వచ్చాడు. కొన్నాళ్ళకి, "పనసపండు తెచ్చినప్పుడు అందరూ చూశారు. ఇప్పుడు ఒక్కరూ చూడరు, భలే అనరు" అనుకున్నాడు. ఒక పొద్దున తన వంతు ఎగ్గొట్టి ఊగుతూ కూర్చున్నాడు.

తొర్రలో పిల్లలు ఎదురుచూస్తున్నారు. సింహాద్రి ఊరుకోలేదు. విరిగిన రెక్క నేలమీద ఈడ్చుకుంటూ, గెంతుకుంటూ గెంతుకుంటూ కోతి ఉన్న చెట్టు దాకా వెళ్ళాడు.

"బంగారయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

"బాగానే ఉంది" అని బంగారయ్య నసిగాడు.

"అయితే లే నాయనా. నువ్వు రాకపోతే నా పిల్లలు పస్తు. ఆ రోజు మొహమాటపడి నోరు మూసుకున్నాను. ఈసారి అడుగుతున్నాను. రా."

బంగారయ్యకి సిగ్గుతో ముఖం ఇంకా ఎర్రబడింది. ఆ రెక్కతో ఇంత దూరం నడిచొచ్చాడే అనిపించింది. ఒక్క గెంతులో మేడిచెట్టెక్కాడు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ వంతు తప్పలేదు. చూసేవాళ్ళు లేకపోతేనేం, తినేవాళ్ళున్నారుగా!

అలా రోజులు గడిచాయి. సింహాద్రి రెక్క అతుక్కుంది. నూకాలమ్మకి కొత్త ఈకలు వచ్చాయి. ఒక ఉదయం లోపల్నించి టకటకమని చప్పుడు. నూకాలమ్మ తన గోడని తనే పగలగొట్టుకుంటోంది! గంగులు సాయం చెయ్యబోలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. గోడ రాలింది. ముందు తల్లి, వెనకాల ఒక పిల్ల, ఆ వెనకాల ఇంకో పిల్ల, బుర్రుమని ఎగిరి సింహాద్రి పక్కన వాలారు. గంగులుకి కళ్ళనీళ్ళు ఆగలేదు. పోలయ్య అయితే బురదలో పడి దొర్లాడు.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు కుందేలు సీతాలు ఇంట్లోకి నీళ్ళొచ్చాయని తెలిసింది. పసిపిల్లల తల్లి. గంగులు వెంటనే బయల్దేరాడు. సింహాద్రి తోడు వెళ్ళాడు. వాళ్ళని చూసి బంగారయ్య ఆశ్చర్యపోయాడు.

"అదేంటి మావయ్యా, వట్టి చేతులతో పలకరింపుకి వెళ్తారా ఎవరైనా?"

"ముందు అడిగొస్తానురా" అన్నాడు గంగులు.

సీతాలు గట్టుమీద కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. చుట్టూ తడిసిన పిల్లలు.

"ఏం కావాలి తల్లీ?" అని అడిగాడు గంగులు.

సీతాలు ఆ మాటకి తలెత్తి చూసింది. ఎవరూ అలా అడగలేదు మరి. "తిండి ఉంది మావయ్యా. కొత్త బొరియ మా ఆయన తవ్వుతున్నాడు. కాసేపు పిల్లల్ని చూస్తే చాలు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో!"

గంగులు బండకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కుందేలు పిల్లలు ఆ బొచ్చులోకి దూరి వెచ్చగా ముడుచుకున్నాయి. సింహాద్రి పైకొమ్మమీద కాపలా కూర్చున్నాడు. సీతాలు అలా తల వాల్చిందో లేదో, గుర్రుపెట్టి నిద్రపోయింది. గంగులు కాలు తిమ్మిరెక్కింది. అయినా ఆమె లేచేదాకా కదలలేదు.

నీతి: సాయం చేసే ముందు ఏం కావాలో అడగాలి, వాళ్ళు చెప్పిందే, వాళ్ళకి అవసరం తీరేదాకా చెయ్యాలి.