రెండు గ్లాసుల గంజి

డాక్టర్ ప్రసూన మూడేళ్లు కష్టపడి ఒక పట్టిక తయారుచేసింది. క్లోమంలో గడ్డ ఉన్న భాగాన్ని తీసేసి, మిగిలిన ముక్కను పేగుకు కుట్టాక, ఎవరికి ఆ కుట్టు దగ్గర రసం కారుతుందో ముందే చెప్పే పట్టిక. క్లోమం గట్టిగా ఉంటే కుట్టు నిలుస్తుంది, మెత్తగా ఉంటే తెగుతుంది. దానికిన్ని మార్కులు, రోగి బరువుకిన్ని, పోయిన రక్తానికిన్ని. వార్డులో నర్సులు దానికి 'ప్రసూనమ్మ జాతకం' అని పేరు పెట్టారు. ఇప్పటిదాకా పెద్దగా తప్పలేదు.

పలాస జీడితోటల నుంచి వచ్చిన గౌరునాయుడికి ఆ జాతకంలో పదికి రెండే వచ్చాయి. అంటే భయం లేదని. ఆపరేషనై మూడో రోజు, పొట్టలోంచి బయటికి పెట్టిన గొట్టాన్ని తీసేయమని ప్రసూన రాసింది. రెండు వచ్చినవాళ్లకు గొట్టంలోంచి వచ్చే నీటిని పరీక్షకు పంపడం దండగని ఆమె ఉద్దేశం.

ఎలా ఉందని అడిగితే గౌరునాయుడు మీ దయ అన్నాడు. డాక్టర్లతో ఆయన అంతకుమించి మాట్లాడడు. భార్య సింహాలమ్మ మాత్రం గొట్టానికి తగిలించిన సంచి వైపే చూస్తోంది.

"నిన్న ఎర్రెర్రగా ఉండీది డాట్రమ్మా. ఇయాల కుడితినీల్లలాగుంది."

ఎరుపు తగ్గడం మంచిదేనని ప్రసూన నచ్చజెప్పింది.

ఆమెకు కత్తి పట్టడం నేర్పిన పెద్ద డాక్టరు జోగారావుగారు అప్పుడే వార్డులోకి వస్తూ ఆ మాట విన్నారు. పట్టిక అడిగి తీసుకుని చదివారు. బాగా చేశావన్నారు. తర్వాత వంటగది నుంచి చిక్కటి గంజి తెప్పించి, రెండు కాగితపు గ్లాసుల్లో పోయమని నర్సుకు చెప్పారు. ఈయనకు ఇంకా గంజి పట్టకూడదు కదా సార్ అని నర్సు గుర్తుచేసింది.

"ఆయనకు కాదు. ప్రసూనకి."

గంజి వచ్చింది. చెంచా నిలబడేంత చిక్కగా ఉంది. జోగారావుగారు గ్లవ్స్ వేసుకుని, సంచిలోని నీరు కాస్త సిరంజితో తీసి ఒక గ్లాసులో కలిపారు. రెండో గ్లాసులో అంతే మంచినీళ్లు. రెండింటినీ గోరువెచ్చటి నీళ్లున్న గిన్నెలో నిలబెట్టి, పద, టీ తాగొద్దామన్నారు. క్యాంటీన్లో ఆయన ఆపరేషన్ ఊసే ఎత్తలేదు. బజ్జీల్లో వాము తగ్గించేశారని మాత్రం విసుక్కున్నారు.

తిరిగొచ్చాక మంచినీళ్లు కలిపిన గ్లాసును వంచారు. గంజి ముద్దగా అంచుదాకా వచ్చి ఆగింది. సంచిలోని నీరు కలిపినదాన్ని వంచారు. నీళ్లలా పారింది.

ముందుగా నోరు విప్పింది సింహాలమ్మే.

"గంజి అరిగిపోనాదేటి బాబూ?"

ప్రసూనకు అర్థమైంది. గంజిని అరిగించేది క్లోమరసం. అది సంచిలోకి వస్తోందంటే కుట్టు దగ్గర కారుతోంది. గొట్టం తీసేసి ఉంటే రసమంతా పొట్టలోనే నిలిచేది. పక్కనే పెద్ద రక్తనాళం. దాన్ని కూడా ఆ రసం గంజిని అరిగించినట్టే తినేయగలదు.

ఆమె చీటీ తీసుకుని, గొట్టం తీసేయమని రాసింది కొట్టేసింది. నీటిని పరీక్షకు పంపింది.

"క్లోమం గట్టిగా ఉందని రాశావు," అన్నారు జోగారావుగారు పట్టిక తిరిగిస్తూ. "ఎక్కడ తాకి చూశావమ్మా?"

"గడ్డ పక్కన సార్."

"మనం కుట్టిందెక్కడ?"

గడ్డ పక్కన ఎవరికైనా గట్టిగానే ఉంటుంది; కుట్టింది మిగిలిన ముక్క అంచుకి. ప్రసూన పట్టికలో 'గట్టి' పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

గౌరునాయుడి గొట్టం ఇరవై రెండో రోజున తీశారు. ఆయన వెళుతూ వెళుతూ మీ దయ అన్నాడు. సింహాలమ్మ ఆ చివరి సంచిని కూడా వెలుతురుకి పెట్టి చూసి మరీ ఇచ్చింది.

ఆ వారం మరో ఆపరేషన్‌లో, క్లోమం ఎలా ఉంది, ఏం రాయమంటారు మేడం అని నర్సు అడిగింది. ఆగమంది ప్రసూన. కుట్టబోయే అంచు మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.