ఏడిళ్ల చదువు

రైసుమిల్లు వీధిలో మాణిక్యమ్మ అనే పిల్లికి ముగ్గురు పిల్లలు. ఆ చుట్టుపక్కల వేట నేర్పే బడి ఒక్కటే. దాన్ని నడిపేది మిల్లులో గండుపిల్లి. ఆ పంతులు హాజరు పిలిచేకొద్దీ పిల్లలు తగ్గిపోతున్నారని వినికిడి. అందుకని మాణిక్యమ్మ, "మా పిల్లలకి ఇంట్లో నేనే చెప్పుకుంటాను" అంది. త్వరగా చెప్పుకోవాలి కూడా. పాలు ఆగిపోయేలోగా వేట రాకపోతే పిల్లలకి పస్తులే.

తొలకరి పడ్డ రోజున ఓ ఇంటి ధాన్యపు కొట్టులో అక్షరాభ్యాసం చేసి, కన్నం ముందు కదలకుండా కూర్చునే పాఠం మొదలుపెట్టింది. సాయంత్రానికల్లా పెద్దపిల్ల ఓ ఎలుక తోక పట్టేసింది. ఆ తోక గవర్రాజుది. విదిలించుకుని కన్నంలో పడ్డాడు గానీ, ఆ పూట వాడికి గింజ సయించలేదు.

మర్నాడు కన్నంలోంచే పలకరించాడు.

"పాఠం బాగుందండి అమ్మగారూ. కాకపోతే పాతకాలంది."

"ఎలుకవి, నీ సలహా నాకెందుకు?"

"పట్టుబడేది మేమేనండి. ఏ పద్ధతికి పట్టుబడతామో మాకు కాక ఎవరికి తెలుస్తాదండి? ఇలా కూర్చోబెడితే పిల్లల్లో చురుకు చచ్చిపోద్ది. పక్కింట్లో అటకుంది. అక్కడైతే దూకుడు పద్ధతి. అదంటే మాకు హడలండి."

దూరపు కొండలు నునుపు. మాణిక్యమ్మ ఒక్కొక్క పిల్లనీ మెడ కరుచుకుని పక్కింటికి మోసి, మళ్లీ అక్షరాభ్యాసం చేసింది.

ఆ వీధిలో ఇళ్ల గోడలు ఉమ్మడివి. పిల్లలకి దూకడం పట్టుబడే వేళకి అక్కడి కన్నంలోంచీ గవర్రాజు తల బయటపెట్టాడు.

"కాళ్లు విరుగుతాయండి, పసివాళ్లు. మూడో ఇంట్లో దారపుండలున్నాయి. ఆడుతూ పాడుతూ నేర్చుకుంటారు."

మూడో ఇంట్లో ఆటలు ఎక్కువయ్యాయన్నాడు. నాలుగో ఇంట్లో వాసన పద్ధతి ఉందన్నాడు. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందనే సామెత ఉండనే ఉంది, మాణిక్యమ్మ దాన్నే సిలబస్ చేసుకుంది. ప్రతి ఇంట్లోనూ కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యేది. రెండో పాఠం మాత్రం ఎక్కడా మొదలవలేదు. పిల్లలు బరువెక్కారు, తల్లి చిక్కిపోయింది. చివరికి పాలూ ఆగిపోయాయి.

ఏడో ఇంటికి మారేరోజున పెద్దదీ నడిపిదీ ఆకలితో గడప దగ్గర కూర్చున్నారు. మాణిక్యమ్మ చిన్నదాన్ని కరుచుకుని ఆపసోపాలు పడుతూ వస్తోంది. గవర్రాజు ఈసారి కన్నం దాకా పోలేదు. నడివాకిట్లోంచి తాపీగా నడిచొచ్చాడు.

పిల్లలు లేచి నిలబడ్డారు. "నమస్కారం మాస్టారూ."

మాణిక్యమ్మకి నోరు ఖాళీ లేదు. చిన్నదాన్ని కింద పెట్టి, "చూస్తారేంటర్రా, పట్టండి" అని అరిచింది.

పెద్దది వినయంగా అడిగింది. "ఏ పద్ధతిలోనమ్మా?"

"కంగారేం లేదమ్మా, ఆలోచించుకోండి" అని గవర్రాజు వాళ్ల మధ్యలోంచే కన్నంలోకి వెళ్లిపోయాడు. పిల్లలు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. మాణిక్యమ్మ అక్కడే చతికిలబడి ఏడ్చింది.

నీతి: రోజుకో పద్ధతి మార్చే ఇంట్లో చివరికి ఎలుకే పంతులు.