గీత పడిన చోటు

మస్తాన్‌వలి కొలిచిన గీత అలివేలు గారి లెక్కతో కలవడం లేదు. కొన్నాళ్లుగా అతనికి అన్నం సయించడం లేదు.

అలివేలు గారు అతని గురువు. కొండమీది ఆ ప్రయోగశాలలో లెక్క ఆవిడది, కొలత అతనిది. బల్బులో తీగగా వాడే టంగ్‌స్టన్ ఉంది కదా, దాని పరమాణువుల్ని యంత్రంలో బంధించి, వాటి చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లను దాదాపు అన్నిటినీ ఊడగొట్టి, ఏ రెండో మూడో మిగులుస్తారు. ఆ మిగిలినవాటిలో ఒకటి పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు ఎక్స్‌రే వెలుగు పుడుతుంది. అది స్ఫటికాన్ని తాకి మళ్లి, తెర మీద సన్నటి గీతగా నిలుస్తుంది. ఆ గీత ఎక్కడ పడాలో అలివేలు గారు లెక్క వేసి ముందే చెప్పారు. మస్తాన్ యంత్రంలో అది వెంట్రుకవాసి పక్కన పడుతోంది.

వెంట్రుకవాసే. కానీ వాళ్ల పనిలో అది ఆమడ దూరం.

తెలుగు మీడియంలో చదివొచ్చి, సెమినార్లలో నోరు విప్పలేక వెనక వరసలో ముడుచుక్కూర్చునే కుర్రాణ్ణి పిలిచి, పరమాణువు సంగతంతా తెలుగులో విడమరిచి చెప్పిన మనిషి ఆవిడ. ఆవిడ లెక్క తప్పవచ్చునన్న ఆలోచనే అతనికి రాలేదు. తప్పంతా తన చేతిలోనే ఉందనుకున్నాడు.

ఒకరోజు పొద్దున్నే పరుగులాంటి నడకతో ఆవిడ గదిలోకి వచ్చాడు.

"కలిసింది మేడం. అచ్చం మీరు చెప్పిన చోటే పడింది."

అలివేలు గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ఇన్నాళ్లూ కలవనిది ఇవాళెలా కలిసింది?"

"ఎక్కడ పడాలో ముందే తెలుసని కొలబద్దగా పెట్టుకున్న గీతలున్నాయి కదండీ, ఇనుమువి, ఆర్గాన్‌వి. వాటిలో కొన్ని సరిగ్గా లేవు. తీసేశాను."

"సరిగ్గా లేవని ఎలా తెలిసింది?"

మస్తాన్ తడబడ్డాడు. "అవి ఉంటే... మీ లెక్కకు దూరంగా పోతోంది మేడం."

ఆవిడ కోప్పడలేదు. లేచి, చెప్పులు విడిచి, నల్లబల్ల పక్కన గోడకు వీపు ఆనించి నిలబడ్డారు.

"నా ఎత్తు ఎంతుంటుందో చూసి చెప్పు."

అతనికేమీ అర్థం కాలేదు. గురువుగారి ఎత్తు తగ్గించి చెప్పడం మర్యాద కాదనిపించింది. "ఐదడుగుల రెండంగుళాలు ఉంటారండీ."

"సుద్దముక్కతో నా తల దగ్గర గీత గీసి కొలువు. టేపు ఆ సొరుగులో ఉంది."

గీశాడు. కొలిచాడు. ఐదడుగులు కూడా నిండలేదు. టేపు సరిగ్గా పట్టుకుని మళ్లీ కొలిచాడు.

"తగ్గిందా? ఉండు." ఆవిడ కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని మునివేళ్ల మీద లేచారు. అరవైకి దగ్గరపడిన మనిషి. కొంచెం తూలి, ఒక చేత్తో నల్లబల్ల అంచు పట్టుకున్నారు. "ఇప్పుడు గియ్యి."

ఈసారి గీత సరిగ్గా అతను చెప్పిన చోటే పడింది.

"నీ మాట నిలబడింది," అన్నారు ఆవిడ, మునివేళ్ల మీదే ఉండి. "నేను ఎదిగానా?"

మస్తాన్‌కు నవ్వు ఆగలేదు. ఆవిడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే అతని ముఖం మారింది. టేపు చుట్టి బల్ల మీద పెట్టి, బయటికి వెళ్లిపోయాడు.

తీసేసిన గీతలన్నిటినీ మళ్లీ చేర్చాడు. యంత్రాన్ని మొదట్నుంచీ నడిపాడు. టంగ్‌స్టన్ గీతను దానికి ఇష్టమైన చోట పడనిచ్చాడు. అది పాత చోటే పడింది. స్ఫటికం మార్చి చూశాడు, అక్కడే. ఇంకొకరి చేత కొలిపించాడు, అక్కడే. మొండిపిల్లలా కదలకుండా నిలబడిన ఆ గీతను చూస్తే అతనికి మొదటిసారి ముద్దొచ్చింది.

మళ్లీ ఆవిడ గదికి వెళ్లాడు. ఈసారి నెమ్మదిగా.

"కలవలేదు మేడం. నా కొలతలో తప్పుందేమోనని అన్ని విధాలా వెతికాను. దొరకలేదు."

"అయితే?"

మస్తాన్ నల్లబల్ల మీద ఆవిడ లెక్కగట్టి రాసిన అంకె వైపు చూశాడు.

"మీ లెక్కలో... ఏదో వదిలేసినట్టున్నారండీ."

అలివేలు గారి ముఖం విప్పారింది. కాంటీన్‌కు ఫోన్ చేసి వేడివేడి మిరపకాయ బజ్జీలు రెండు ప్లేట్లు పంపమన్నారు. నల్లబల్ల మీద ఎన్నాళ్లనుంచో ఎవరూ ముట్టుకోని తన అంకెను అరచేత్తో తుడిచేశారు. తర్వాత ఇంకో కుర్చీ లాగి తన కుర్చీ పక్కన వేశారు. ఇన్నేళ్లలో అతను ఆవిడ రాతబల్లకు అవతల నిలబడడమే గానీ, ఇవతల కూర్చున్నది లేదు.

"రా, కూర్చో," అన్నారు. "నాకు తెలియనిదేదో ఆ పరమాణువు లోపల ఉంది."