ఆగిన బండి, ఆగని చెయ్యి

విజయవాడ ఆటోనగర్‌లో నాగలింగాచారి గారిని ఎవరైనా సందేహం అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. ముందు ఒక ఎదురుప్రశ్న వేస్తారు: “అప్పుడు నీ చేతులేం చేస్తున్నాయి?” బండి వేడెక్కుతోందన్నా ఇదే ప్రశ్న, బ్రేకు పట్టడం లేదన్నా ఇదే ప్రశ్న. ఒకసారి నేను మోకాలు నొప్పెడుతోందని చెప్పుకుంటే నన్నూ ఇదే అడిగారు. ఒళ్ళు మండింది. ఆయన పక్క షెడ్డులో ముప్పై ఏళ్ళుగా లేతు మిషను తిప్పుతున్నవాణ్ణి కాబట్టి ఆయన మాటలకు అలవాటు పడ్డాను గాని, వాటిని మెచ్చుకోవడం మాత్రం ఈమధ్యనే మొదలుపెట్టాను. ఎందుకో చెబుతాను.

ఆయన శిష్యుడు పూర్ణచంద్. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, పదహారేళ్ళుగా ఆయన దగ్గరే పని. పనితనం ఉంది, భక్తి ఉంది, కాసేపు కుదురుగా ఉండే గుణం మాత్రం లేదు. ఏ బండి పని పూర్తిచేసినా తాళం తిప్పేముందు అమ్మవారి కుంకుమ తెచ్చి, పసుపు కలిపి, తడిపి బండికి బొట్లు పెడతాడు. బానెట్టు, స్టీరింగు, చక్రాలు, ఒక్క చోటు వదలడు. కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ పెడతాడు. దసరాకు ఆటోనగర్‌లో మేమందరం చేసే పనే ఇది. వాడు ఏడాది పొడవునా చేస్తాడు, అంతే తేడా.

ఈ పూర్ణ ఒక సాహసం చేశాడు. హైమావతి గారని, పెళ్ళిళ్ళకు కారు తిప్పుతారు. ఆవిడ తండ్రి వాడిన అరవై మూడు మోడల్ కారు, మీగడ రంగు, చూస్తే ఎవరికైనా చెయ్యి వేసి నిమరాలనిపిస్తుంది. ఆవిడే నడుపుతారు. దానికి కార్బురేటర్ తీసేసి ఇంజెక్షన్ పెడతానన్నాడు వీడు. కార్బురేటర్ అంటే సర్దుకుపోయే మనిషి లాంటిది; పెట్రోలు కాస్త ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా గొణుక్కుంటూ లాక్కొస్తుంది. ఇంజెక్షన్‌కు ఆ మొహమాటం లేదు. వెనక ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్రోలును ఎప్పుడూ ఒకే బలంతో నెడుతూ ఉండాలి. ఆ బలం తగ్గిందో, ఇంజను ఆగిపోతుంది. పాత బండికి కొత్త యంత్రం పెట్టడమంటే తాతకు దగ్గులు నేర్పడమేనని ఆటోనగరంతా నవ్వింది. నేనూ నవ్వాను, దాచడమెందుకు. వాడు నాలుగు నెలలు తిండీ నిద్రా మరిచి ఆ పని చేశాడు. బండి తాళం తిప్పగానే అందుకుంది.

ఊళ్ళో తిప్పినంతసేపూ వెన్నలా నడిచింది. ఊరు దాటి ముప్పావుగంట పోతే చాలు, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. పది నిమిషాలకు మళ్ళీ ఎక్కేది, మళ్ళీ ఆగేది. ఉయ్యూరు అవతల ఒక పెళ్ళికి పోతూ ఇలాగే ఆగితే, పెళ్ళికొడుకు బాసికంతో సహా ఆటో ఎక్కి మండపానికి పోవలసి వచ్చింది. హైమావతి గారు కేకలు వేసే మనిషి కారు. షెడ్డుకు వచ్చి, మూలన గోనెసంచిలో ఉన్న పాత కార్బురేటర్‌ను చూపించి, ఆదివారం నూజివీడులో ఒక పెళ్ళికి ఈ కారు వెళ్ళాలని, శనివారం లోపు బండి ఆగకుండా తిరగకపోతే ఆ సంచిలోది మళ్ళీ బిగించెయ్యమని చెప్పి వెళ్ళిపోయారు. అంటే నాలుగు నెలల పని తుక్కులోకి పోతుంది. అంతకన్నా, ఇక ఆటోనగర్‌లో పూర్ణ చేత ఎవడూ కొత్త పని చేయించడు. ఆ సంగతి వాడికి తెలుసు, మాకూ తెలుసు.

పూర్ణ పట్టు పట్టాడు. పంపు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, వైర్లన్నీ విప్పి మళ్ళీ వేశాడు. షెడ్డులో ట్యాంకు మూత తీసి పక్కన పెట్టి, గరాటుతో పెట్రోలు పోస్తూ ఇంజను రెండేసి గంటలు నడిపి చూస్తే ఒక్కసారీ ఆగలేదు. రోడ్డెక్కితే ఆగేది. ఆగినప్పుడల్లా దిగి, ముందు ట్యాంకులో వెదురుపుల్ల ముంచి పెట్రోలు ఉందో లేదో చూసేవాడు. ఆ కారులో పెట్రోలు ముల్లు పనిచెయ్యడం మానేసి నా పెళ్ళయినంత కాలమైంది. తరువాత ఏదో ఒకటి కదిపేవాడు. బండి ఎక్కేది. ఆ కదిపిందే దోషి అని తేల్చి దాన్ని మార్చేవాడు. సలహాలు చెప్పడానికి మాకేం తక్కువ? పైపు సన్నగా ఉందని నేనొకటి చెప్పి, వాడి కోసం ఇత్తడిలో ఒక లావు జాయింటు తిప్పి ఇచ్చాను కూడా. చాలా అందంగా వచ్చింది. బండి మాత్రం యథాప్రకారం ఆగింది.

శుక్రవారం సాయంత్రం వాడు ఆచారి గారి ముందు నిలబడ్డాడు. నిలబడ్డాడంటే, చేతిలో స్పానరు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. “గురువుగారూ, మార్చిన ప్రతి వస్తువూ కొత్తదే, ప్రతిదీ సరిగ్గానే ఉంది. బండి మాత్రం ఆగుతోంది. ఇంక ఎక్కడ చూడను?”

ఆయన వెయ్యవలసిన ప్రశ్న వేశారు. ఆగినప్పుడు చేతులు ఊరికే ఎలా ఉంటాయి, పని చేస్తూనే ఉన్నాయి అన్నాడు పూర్ణ, కాస్త రోషంగానే. ఆచారి గారు వాడి చేతిలోని స్పానరు తీసుకుని బల్ల మీద పెట్టారు. రేపు తానూ వస్తానని, బండి ఆగాక తాను చెప్పేదాకా దేన్నీ ముట్టుకోకూడదని, అది ఒప్పుకుంటేనే వస్తానని అన్నారు. ఇది జవాబా అని నాకు కోపం వచ్చింది. ఒక్క రోజు మిగిలినవాడితో చేతులు కట్టుకు కూర్చోమంటారా? పూర్ణ మాత్రం తలూపాడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాం. పూర్ణ నడుపుతున్నాడు, పక్కన ఆచారి గారు, వెనక హైమావతి గారూ నేనూ. నన్నెవరూ రమ్మనలేదు, నా ఇత్తడి ముక్క పరువు కోసం వెళ్ళాను. పెట్రోలు ఎంత బలంతో వస్తోందో చూపే మీటరును ముందు అద్దానికి బయట టేపుతో అతికించాడు పూర్ణ. దాని ముల్లు మూడు మీద ఉండాలి. గన్నవరం దాకా మూడు మీదే ఉంది. గన్నవరం దాటి కొంత దూరం పోయాక సన్నగా వణకడం మొదలుపెట్టింది. వెనక పంపు కూత కూడా మారింది, దోమ చెవి దగ్గరికి వచ్చినట్టు. ముల్లు రెండున్నరకు దిగింది, రెండుకు దిగింది. హనుమాన్ జంక్షన్ ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా ఒకటికి పడిపోయింది, ఇంజను దగ్గి ఆగిపోయింది. పూర్ణ బండిని రోడ్డు పక్క మామిడితోట కంచె దగ్గరికి దొర్లించి ఆపాడో లేదో, వాడి చెయ్యి తలుపు మీద ఉంది.

“చేతులు ఒళ్ళో పెట్టుకో,” అన్నారు ఆచారి గారు.

పెట్టుకున్నాడు. వాడు నాలుగు నెలల్లో చేసిన పనులన్నిటికన్నా అది కష్టమైన పని అని నాకు వాడి మెడ చూస్తేనే అర్థమైంది. పది నిమిషాలయ్యాక తాళం తిప్పమన్నారు ఆచారి గారు. ఇంజను ఒక్క క్షణం అందుకుని చచ్చిపోయింది. ఇరవై నిమిషాలకు మళ్ళీ అంతే. అరగంటకు అంతే. ఎండ చురుక్కుమంటోంది, లారీలు పోతుంటే బండి మొత్తం ఊగుతోంది. ఇదివరకు పది నిమిషాలకే ఎక్కేదని, ఇవాళ జబ్బు ఇంకా ముదిరిందని, ఇక చాలించి పాత కార్బురేటర్ పెట్టెయ్యమని హైమావతి గారు అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే బాధగా ఉంది. పూర్ణ వెనక్కి తిరగకుండానే, పన్నెండు గంటల దాకా ఆగమన్నాడు. ఆ తరువాత తన చేతులతోనే తీసేస్తానన్నాడు. వాడి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

అప్పుడు ఆచారి గారు తాపీగా అడిగారు. “రోజూ పది నిమిషాలకు ఎక్కేది. ఇవాళ ఎందుకెక్కలేదు?”

“ఇవాళ నేనేం చెయ్యలేదు కదండీ,” అన్నాడు పూర్ణ విసుగ్గా. అని, ఆగిపోయాడు.

వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. ఒకసారి వైరు కదిపాడు, ఒకసారి ఫిల్టరు, ఒకసారి పైపు తట్టాడు. ఏ రెండుసార్లూ ఒకే పని చెయ్యలేదు. కానీ వాటన్నిటికీ ముందు, ప్రతిసారీ, తప్పకుండా చేసిన పని ఒకటుంది. దాన్ని వాడు పనిగా లెక్కే పెట్టలేదు. మెల్లిగా తలెత్తి గురువు వంక చూశాడు. ఆయన సరేనన్నట్టు తలూపారు. వాడు దిగి సీటు కింద నుంచి వెదురుపుల్ల తియ్యబోతే, పుల్ల వద్దని, ట్యాంకు మూత ఒక్కటే తియ్యమని, చెవి దగ్గర పెట్టుకుని తియ్యమని అన్నారు.

మూత సగం తిరిగేసరికి ఉస్సుమని చప్పుడు. వెనక సీట్లో ఉన్న నాకే వినిపించింది. గాలి బయటికి రావడం కాదు, లోపలికి పోవడం. గోదాట్లో మునిగినవాడు పైకి తేలి ఊపిరి పీల్చుకున్నట్టు ఆ ట్యాంకు గాలి పీల్చుకుంది. ఆచారి గారు చెయ్యి చాపి తాళం తిప్పారు. ఇంజను మొదటి చుట్టుకే అందుకుంది. ముల్లు మూడు మీద నిలబడింది.

నేను దిగి వెళ్ళేసరికి పూర్ణ ఆ మూతను అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. మూత నడిమధ్య, ఎర్రగా పచ్చగా, పొర మీద పొరగా ఎండి రాయిలా గట్టిపడిన బొట్టు. బండికి నోరు అదేనని, ప్రతిసారీ అక్కడ మాత్రం బొటనవేలితో వత్తి మరీ పెట్టేవాడట. ఆ బొట్టు కింద సూదిమొనంత కన్నం ఉంది. ట్యాంకులో పెట్రోలు తగ్గే కొద్దీ దాని చోటులోకి గాలి రావలసింది ఆ కన్నం నుంచే. గాలి రాకపోతే పెట్రోలు కదలదు. ఈ కరెంటు పంపులు నెట్టమంటే కొండనైనా నెడతాయి, లాగమంటే మాత్రం చేతులెత్తేస్తాయి. మరి ఇన్నేళ్ళూ బొట్టు పెడుతూనే ఉన్నాడు కదా అంటే, అప్పుడు మూత కింది పాత బెండు వాషరు చివికిపోయి పక్కల నుంచి గాలి దూరేది. వెనక కూర్చున్న పెళ్ళికూతుళ్ళకు పెట్రోలు వాసన కొడుతోందని హైమావతి గారు అంటే, ఇంజెక్షన్ పెట్టినప్పుడు కొత్త రబ్బరు రింగు వేసింది కూడా పూర్ణే. రెండూ మంచి మనసుతో చేసినవే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికామని నేను అనబోయి, వాడి ముఖం చూసి మింగేశాను.

“అమ్మవారి కుంకుమ గురువుగారూ,” అన్నాడు వాడు, చిన్న గొంతుతో.

ఎవరమూ నవ్వలేదు. హైమావతి గారు గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి వాడి చేతిలో పెట్టారు. వాడు మూతను మోకాలి మీద పెట్టుకుని బొట్టును పెచ్చులు పెచ్చులుగా లేపాడు. ఒక్క పెచ్చు కూడా రోడ్డు మీద పడనియ్యకుండా కాగితంలోకి తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కన్నంలో పిన్నీసు దూర్చి, ఊది చూశాడు. మూత బిగించి స్టీరింగు దగ్గర కూర్చుని, వెనక్కి పోదామని నేనంటున్నా వినకుండా ముందుకే పోనిచ్చాడు. నూజివీడు వెళ్ళాం. అక్కణ్ణుంచి ఆగిరిపల్లి మీదుగా ఊరికి వచ్చాం. షెడ్డు ముందు నుంచే పోతూ ఆపలేదు. మళ్ళీ హనుమాన్ జంక్షన్ దాకా పోయి, పొద్దున ఆగిన మామిడితోట దాటి, తిరిగి వచ్చాం. తోవలో ఎవరికీ కాఫీ కూడా ఇప్పించలేదు. ముల్లు ఒక్కసారీ వణకలేదు. దిగుతూ హైమావతి గారు గోనెసంచి వంక చూసి, దాన్ని తుక్కువాడికి ఇచ్చెయ్యమన్నారు. పూర్ణ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నా కళ్ళూ తడిశాయి, ఎండ వల్ల అనుకున్నాను.

సాయంత్రం టీ దగ్గర వాడు గురువును నిలదీశాడు. మూత సంగతి ముందే తెలిసి తనను ఎండలో కూర్చోబెట్టారా అని. ఆచారి గారు గ్లాసు కింద పెట్టారు. “తెలిస్తే నిన్ననే చెప్పేవాణ్ణి కదరా. నాకు తెలిసిందల్లా నీ చెయ్యి ఊరుకోదని.” నా ఇత్తడి జాయింటు సంగతి కూడా ఏమైనా అంటారేమోనని చూశాను. ఆయన దాని గురించి ఏమీ అనలేదు, అందుకే ఎక్కువ సిగ్గేసింది.

ఆదివారం పొద్దున కారుకు మల్లెదండలు కట్టారు. హైమావతి గారు తాళం పట్టుకుని నిలబడ్డారు. పూర్ణ కుంకుమభరిణ తెచ్చి బానెట్టుకు పెట్టాడు, స్టీరింగుకు పెట్టాడు, నాలుగు చక్రాలకూ పెట్టాడు. ట్యాంకు మూత దగ్గరికి వచ్చేసరికి తడి వేలు గాలిలో ఆగింది. పెడితే బండి ఆగుతుందేమోనని భయం, మానితే అపచారమేమోనని భయం.

“గురువుగారూ, మానెయ్యనా?” అన్నాడు.

ఆచారి గారు షెడ్డు లోపల నుంచి తల తిప్పకుండానే అన్నారు. “ఎందుకు మానడం? దణ్ణం పెట్టేటప్పుడు కళ్ళు మూసుకో. బొట్టు పెట్టేటప్పుడు తెరుచుకో.”