ఆదివారపు రథం

మల్లభూపతి మహారాజుకు ఒక రథం ఉంది. అయినా ఆదివారాల్లో సరదాగా దౌడు తీయడానికి తేలికపాటి రథం ఇంకొకటి కావాలనిపించింది. గుర్రపుశాలలో నిలబడి ఖర్చు సంగతి అడిగితే, ఇంటికో కుంచం ధాన్యం పన్ను వేద్దామన్నాడు మంత్రి.

గుర్రాలకు గడ్డిమోపు తెచ్చిన నూకాలు ఆ మాట విన్నది.

"అలాగే ఇస్తాం మారాజా. ఆదివారం మీరు ఎక్కండి. తక్కిన ఆరు రోజులూ ఇచ్చినవాళ్ళం మేం ఎక్కుతాం," అంది.

రాజు నవ్వాడు. "ఊరంతా ఆరు రోజులు తోలితే ఏడోనాటికి నాకేం మిగులుతుందే?"

"పన్ను కొలిచాక గాదెలోకి చూసుకుని మేమూ అదే అనుకుంటాం మారాజా."

రాజు నవ్వు ఆగిపోయింది. పన్ను వద్దన్నాడు. తన మామిడితోటల రాబడి కూడేదాకా ఆగుతానన్నాడు.

మూడేళ్ళు ఆగాడు.